మెడ మీద మందు, మణికట్టుకి పుస్తెలు

మా ఆయన నాలుగేళ్ల తర్వాత మస్కట్ నుంచి వస్తున్నారని ఫోన్ వచ్చిన రోజు నేను అద్దంలో మొహం చూసుకోలేదు, మెడ చూసుకున్నాను. మొహానికి పెళ్లినాటి నుంచీ పసుపూ మీగడా రాస్తూనే ఉన్నాను. మెడని పట్టించుకున్నదెవరు? మూడు వరసల ముడతలు తేలాయి. ఆయన కళ్లకి నేను ముసలిదానిలా కనపడకూడదు, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. రావులపాలెంలో బస్సు మారి రాజమండ్రిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కత్తి పెట్టరట. మందు రాస్తే పైపొర ఊడి కొత్త చర్మం వస్తుందట. “పది రోజులు మెడ మీద దారం పోగు కూడా ఉండకూడదండి,” అంటూ నా పుస్తెల తాడు వైపు చూసిందావిడ.

అత్తగారు తిడతారనుకున్నాను. ఆవిడ పసుపుకొమ్ము కట్టిన దారం తెచ్చి ముందు నా ఎడమ మణికట్టుకి నాలుగు చుట్లు తిప్పి కట్టారు. తర్వాతే మెడలో తాడు తీసి, పుస్తెలు ఆ దారం కొసకి గుచ్చి ముడేశారు. “వాడు చల్లగా ఉండాలి గానీ, మెడైతేనేం, చెయ్యైతేనేంటమ్మా!” అన్నారు. ఆయన రావడానికి ఇంకా నెల ఉంది. మర్నాడే వెళ్లి మెడకి మందు రాయించుకొచ్చాను.

ఏడో రోజు మధ్యాహ్నం, పుస్తెలకి అంటకుండా మణికట్టుకి గుడ్డ చుట్టుకుని వసారాలో జంతికల పిండి కలుపుతున్నాను. గుమ్మం ముందు కారు ఆగింది. టికెట్టు ముందే దొరికిందట, చెప్పకుండా వచ్చేశారు. నేను కోరుకున్నట్టే ఆయన నేరుగా నా మెడ వైపే చూశారు. చేతిలో పెట్టె జారిపోయింది.

“నేను పోయేనని ఎవరు చెప్పేరే నీకు?” అన్నారు.

గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లకి అలాంటి ఫోన్లు రావడం మా ఊళ్లో అందరికీ తెలుసు. గబగబా గుడ్డ విప్పి చెయ్యి చాపాను. “ఇవిగోనండీ, ఇక్కడున్నాయి!”

ఆయన నవ్వలేదు. దారం విప్పి నా మెడలో కట్టబోయారు. “ఇంకా మూడ్రోజులు ఆగాల్రా,” అని అత్తగారు అంటున్నా వినకుండా మూడు ముళ్లూ వేశారు. పచ్చి చర్మం భగ్గున మండింది. నేను కదల్లేదు.

ఆ దారం ఒరుసుకున్న చోట గోధుమరంగు గీత ఇప్పటికీ ఉంది. దాన్నీ తీసేస్తానంది డాక్టరమ్మ, నేనే వద్దన్నాను. మిగతా మెడ నున్నగానే ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.