గొర్రె లెక్కల గిడ్డమ్మ

గిడ్డమ్మకు రూపాయి కనబడదు. అలాగని చూపు తక్కువని కాదు. ఎవరి మేక ఎవరి చేలో పడిందో ఊరి ఆ చివర నుంచే చెప్పగలదు. కానీ ఏ వస్తువు ధర చెప్పినా ఆమె చెవిలో అది గొర్రెగానే దూరుతుంది. కూల్‌డ్రింకు సీసా ఒక గొర్రె చెవి. బిర్యానీ పొట్లం ఒక గిట్ట. కొత్త ఫోను రెండు చూలుగొర్రెలు. పెళ్లి ఊరేగింపులో డీజే మోగినంతసేపూ అరుగు మీద కూర్చుని, "పోయె ఒకటి... అదిగో, ఇంకోటి పోయె..." అని చెయ్యి ఊపుతూనే ఉంటుంది.

పత్తికొండలో ఆటో ఎక్కితే ముప్పావు గంటకు వచ్చే నల్లరాళ్లపల్లెలో ఆమె చేతికి చిక్కకుండా పెరిగిన పిల్ల లేదు. ఎవరి బిడ్డయినా సరే, బడిలో చేరిన వారంలోపల గిడ్డమ్మ ఆ ఇంటి వాకిట్లో నిలబడేది.

"బిడ్డ పేరుతో ఒక ఆడ గొర్రెపిల్లను కొనియ్యండి. నా మందలో మేపుతా. పొట్టేలుపిల్ల పుడితే అమ్మి, సగం నా మేపుడు కూలికి, సగం మీకు. ఆడది పుడితే అది బిడ్డది. బిడ్డ పెద్ద చదువుకు పొయ్యేదాకా మీరు మందపక్క కన్నెత్తి చూడగూడదు."

"బ్యాంకులో ఏసుకుంటాంలే పెద్దమ్మా," అని, నాగలత బడిలో చేరినప్పుడు ఆమె తండ్రి నాగరాజ్ తప్పించుకోబోయాడు.

"బ్యాంకులో దుడ్లు ఈనుతాయా?"

"వడ్డీ వస్తాది."

"వస్తాది. నీకు సారాయి అంగడి కనబడంగానే కార్డు గీకితే అసలు కూడా వస్తాది. నా గొర్రెను గీకు సూద్దాం! ఊరంతా వినేట్టు అరుస్తాది."

నాగరాజ్ భార్య ఉరుకుందమ్మ లోపల నుంచి వచ్చి, కొంగుముడి విప్పింది. అలా ఐదేళ్ల నాగలతకు ఆస్తి ఏర్పడింది. నాలుగు కాళ్లు, ఒక తోక.

ఏటా మిరపకోతలకు ఊరు సగం గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలసకూలికి, పోయేది. నాగలత తల్లిదండ్రులూ పోయేవారు. పిల్ల బడి హాస్టల్లో, దాని గొర్రె గిడ్డమ్మ మందలో ఉండేవి. పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గొర్రెలు ఆరయ్యాయి. వాటిని లెక్కబెట్టుకున్న నాగరాజ్ ఒకరోజు పొద్దున్నే పగ్గం పట్టుకుని దొడ్డి దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, నా బిడ్డ గొర్రెలు నాకియ్యి. బండి కొంటాండా."

"మంచిదప్పా. బండి యాడ మేస్తాది?"

"మేసేదేంది? బంకులో పెట్రోలు పోయించల్ల."

"ఏడాదికెన్ని పిల్లలేస్తాది?"

"ఎగతాళి చేస్తాండావా? నా బిడ్డవి నావి కావా?"

"నీ బిడ్డ ముక్కు గూడా నీదే గదప్పా. కోసి అమ్ముకో పో. ముందు ఆ పగ్గం ఎంతకు కొన్యావో చెప్పు."

"నూటిరవై."

"తోక పోగొట్టుకున్యావు," అని గిడ్డమ్మ దొడ్డి తడిక మూసేసింది.

నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నాగలతకు కూడా ఈ ముసలమ్మంటే ఒళ్లు మంటే. గొర్రెలు తనవట, కానీ తాకకూడదట! తొమ్మిదో తరగతిలో ఉండగా జాతర ముందు వెళ్లి బతిమాలింది.

"అవ్వా, ఒకే ఒక్క గొర్రె. కొత్త డ్రెస్సు కొనుక్కుంటా."

"నిరుటిది ఏమాయె?"

"పొట్టయింది."

"కింద కుచ్చులు కుట్టించుకో. గొర్రెను సూడు, పుట్టినకాడి నుంచి ఒకటే బొచ్చు. ఏడాదికి రెండుసార్లు అదీ మనకే కత్తిరించి ఇస్తాది. నువ్వు ఏమిస్తాండావు?"

నాగలత ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. కుచ్చులు కుట్టించుకుంది.

ఆ ఏడు వానాకాలంలోనే మందకు రోగం తగిలింది. గొర్రెల మూతులు వాచి, నాలుకలు నీలంగా మారి, పదిరోజుల్లో ఇరవైమూడు చచ్చాయి. విచిత్రమేమంటే, చచ్చినవన్నీ గిడ్డమ్మవేనట. పిల్లల గొర్రెల్లో ఒక్కదానికి తుమ్ము కూడా రాలేదట. నాగలత పాఠాల మధ్య హాస్టల్లోనే ఈ కబురు విన్నది. ఊరంతా నవ్వుకుంది.

"రోగానికి గూడా నీ మీదే కసి పెద్దమ్మా! ఏరుకోని తినింది," అన్నాడు నాగరాజ్.

"నా గొర్రెలకు నా మాదిరే నోరెక్కువప్పా. కనబడినదంతా మేసి చచ్చినాయి," అని గిడ్డమ్మ కర్ర తీసుకుని మందను తోలుకుపోయింది.

మూడేళ్లు గడిచాయి. నాగలత ఇంటర్ పాసై కర్నూలులో నర్సింగు సీటు తెచ్చుకుంది. సోమవారంలోపల అరవై వేలు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ ఏడు అకాలవానకు మిరప తడిసి, నాగరాజ్ దంపతులు సుగ్గి నుంచి బస్సు చార్జీలతో తిరిగొచ్చారు. నాగలత శుక్రవారం పొద్దున్నే దొడ్డికి వెళ్లింది. ఈసారి ముసలమ్మ కాదంటే తడిక విరగ్గొట్టడానికి కూడా సిద్ధపడే వెళ్లింది.

"అవ్వా, నా గొర్రెలు కావాల."

"దేనికి?"

"నర్సింగుకు."

"సూదులేసేదా?"

"ఊఁ. నాలుగేండ్ల చదువు."

గిడ్డమ్మ లేచి తడిక తీసింది. "ఎనిమిదుండాయి. తోలుకుపో. రేపే సంత. మొదటి బేరానికి తలూపొద్దు. రెండో బేరానికి నవ్వొద్దు. మూడో బేరానికి గొర్రెలను ఎనక్కి తిప్పు."

"నువ్వు రావా?"

"నాకు మోకాళ్లు నొప్పి," అంది, రోజూ గుట్ట చుట్టూ మందతో తిరిగే గిడ్డమ్మ.

సంతలో దాసన్న అనే వ్యాపారి ఎనిమిదింటి పళ్లూ చూశాడు, నడుములు నొక్కాడు. తర్వాత చెవులు పట్టుకుని ఆగిపోయాడు.

"పాపా, ఇవి యాడివి? ఆరింటికి రెండు చెవులకూ గుర్తుకోత ఉండాది. దొంగసరుకు కాదు గదా?"

నాగలత వంగి చెవులు చూసింది. మందలో పిల్లల గొర్రెకు కుడిచెవికి కోత. ఎడమచెవి కోత గిడ్డమ్మ సొంత గుర్తు.

"ఎడమది పుట్టినప్పటి కోత," అన్నాడు దాసన్న వేలితో తడిమి. "కుడిది తర్వాత పెట్టినారు. రెండు మూడేండ్లయింటాది."

మూడేళ్లు. మందకు రోగం వచ్చిన ఏడు. పెద్ద గొర్రెలు ఆరింటికీ రెండేసి కోతలు. ఆ తర్వాత పుట్టిన రెండింటికే కుడిచెవి కోత ఒక్కటి. అంటే ఆనాడు చచ్చినవి తనవి. ఈ ఎదురుగా నిలబడి నెమరేస్తున్నవి అవ్వవి.

"దొంగే అన్నా," అంది నాగలత. "కాకపోతే తన సొమ్ము తెచ్చి మా ఇంట్లో పెట్టిన దొంగ. నువ్వు బేరం చెప్పు."

మొదటి బేరానికి తలూపలేదు. రెండోదానికి నవ్వలేదు. మూడోదానికి వెనక్కి తిప్పింది. ఏడు గొర్రెలకు అరవైమూడు వేలు వచ్చాయి. ఎనిమిదోదాన్ని దాసన్న ఎంత అడిగినా ఇవ్వకుండా తోలుకొచ్చింది.

దొడ్డిలోకి వస్తూనే మందలోని మిగతా పిల్లల గొర్రెల మీద పడింది. ఈరేష్ గొర్రెల చెవులు చూసింది. శివాని గొర్రెల చెవులు చూసింది. రెండేసి కోతలు. ఎడమ కోత ఒక్కటే ఉన్నవి మందంతటికీ మూడే మూడు.

"ఏం అవ్వా ఇది?"

"కంపకు గీరుకున్యాయిలే."

"ఇన్నింటికీనా? ఒకే చెవికి, ఒకే కొలతకా?"

"మన ఊరి కంప శానా పద్ధతైన కంప."

"అబద్ధాలు చాలు. సచ్చినవి మావి!"

గిడ్డమ్మ కర్రతో నేల గీకింది. "అయితే ఏమంటావు? ఈ ఊర్లో బిడ్డకు రెండోసారి గొర్రె కొనిచ్చే ఇల్లు ఒకటి చూపియ్యి. గొర్రె సచ్చిందంటే, మీ నాయన బడి మాన్పించి నిన్ను గూడా సుగ్గికి తోలుకుపోతాండె. నాదేముండాది? మళ్లా మొదులుపెట్టుకుంటా."

"డెబ్బై ఏండ్లకా?"

"అరవై తొమ్మిది. ఎక్కువ చెప్పి బేరం చెడగొట్టొద్దు."

"అందుకే దీన్ని అమ్మలేదు. ఇది నీది. మొదులుపెట్టు," అని నాగలత గొర్రెను ముందుకు నెట్టింది.

గిడ్డమ్మ ఎగిరిపడింది. "సంతకు తోలినదాన్ని అమ్మకుండా తెస్తివా? బుద్ధుండాదా? ఏదీ, ఒట్టిపోయినదాన్నేనా నాకు అంటగట్టేది?" అని కూలబడి, గొర్రె పొట్ట కింద రెండు చేతులూ పెట్టింది. కళ్లు మూసుకుంది. తిట్లు ఆగిపోయాయి.

"మేయ్, కడుపులో రెండుండాయే!"

"ఇంకేం. రెండూ నీవే."

"ఒకటి నాది," అంది గిడ్డమ్మ లేచి చేతులు దులుపుకుంటూ. "కాలేజీలో నీ పక్కన ఎవరు కూచుంటారు?"

"ఇంకా చేరనే లేదు గదవ్వా! నాకేం తెలుసు?"

"చేరినంక అడుగు. ఆ పిల్లకు గొర్రె ఉండాదో లేదో కనుక్కో. లేకుంటే వెంటనే ఫోను చెయ్యి, రెండోదానికి కుడిచెవి కొయ్యల్ల."