మేకుకు ఎక్కిన తొట్టి

శనివారం తప్ప మరే రోజూ జాస్ స్టోబర్ట్ వీపు మీద నీళ్లు పడేవి కావు. రోజూ తడిపితే వీపు మెత్తబడుతుందని, అలాంటి వీపు మీదే గని కప్పు కూలుతుందని అతని తాత చెప్పేవాడు. డర్హమ్ బొగ్గు గనుల పల్లెల్లో చాలామంది తాతలు అదే మాట చెప్పారు. జాస్ దాన్ని నమ్ముతాడో లేదో భార్య ఎథెల్‌కి ఇరవై రెండేళ్లయినా తెలియలేదు. పొయ్యి ముందు రేకు తొట్టిలో తల, చేతులు, ఛాతీ రోజూ తెల్లబడేవి. వీపు మాత్రం వారమంతా బొగ్గు మసితో నల్లగానే ఉండేది. శనివారం ఆమె చేతికి సబ్బిచ్చి, నిప్పుల వైపు తిరిగి కూర్చునేవాడు.

అలా కూర్చున్నప్పుడే మాట్లాడేవాడు. మిగతా రోజుల్లో ఊ, ఊహూ, అంతే. శనివారం మాత్రం గనిలో బొగ్గు బండి లాగే గుర్రం తన జేబులోంచి రొట్టె లాక్కున్న సంగతీ, చిన్నప్పుడే పోయిన తమ్ముడి ఈలపాటా ఆవిరిలోంచి, ఎక్కడో పొలాల అవతలి నుంచి వస్తున్నట్టు వినిపించేవి. మాట తెగకుండా ఆమె చేయి నెమ్మది చేసేది.

ఆ వసంతంలో గని దగ్గర స్నానాల గదులు కట్టారు. ఎంత కావాలంటే అంత వేడినీళ్లు. పక్కింటి డోరా తన తొట్టిలో ఉల్లికాడలు నాటేసింది.

"మా ఆయన ఎంత తెల్లగా వచ్చాడంటే, ఎవరో పెద్దమనిషి అనుకుని కుర్చీ తుడిచానే," అంది.

ఎథెల్ కూడా నవ్వింది. బకెట్లు మోసి భుజాలు పడిపోతున్నాయని వీధిలో అందరికన్నా ఎక్కువ గోల చేసింది తనే. ఇప్పుడు వద్దని ఏ నోటితో అంటుంది?

సోమవారం జాస్ కూడా అక్కడే స్నానం చేసి, శుభ్రంగా, చుట్టంలా వచ్చాడు. టీ తాగి పేపరు తెరిచాడు. తొట్టి పెరట్లో మేకుకు ఎక్కింది. శనివారం కూడా ఇలాగే వచ్చి ఇలాగే కూర్చుంటాడనుకుంటే, ఆ చిన్న వంటగది ఆమెకు ఎంతో పెద్దదిగా తోచింది.

గురువారం, స్నానం చేశాక అతను వేసుకొచ్చి విడిచిన చొక్కా చేతికి తీసుకుంది. లోపలివైపు, వీపు మేర, బొగ్గు మరక. కిటికీ వెలుగులో దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. డోరాకి కూడా చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం జాస్ వచ్చేసరికి తొట్టి పొయ్యి ముందుంది. ఆవిరి లేస్తోంది. అతను తొట్టిని చూశాడు, తర్వాత ఆమెను.

"అక్కడ ఒకళ్ల వీపు ఒకళ్లు రుద్దుకుంటున్నారు," అన్నాడు చొక్కా విప్పుతూ. "నాతో పనిచేసే ఆ లెన్‌గాడివి చేతులు కావు, గరుకు కాగితాలు."

"నావేమన్నా పట్టుబట్టలా?"

"కావనుకో," అని నిప్పుల వైపు తిరిగి కూర్చున్నాడు.

మెడ కింది నుంచి నడుము దాకా వారం నాటి నలుపు అలాగే ఉంది. ఆమె సబ్బు తడిపింది. భుజాల దగ్గర మొదలుపెట్టి కిందికి రుద్దసాగింది.

"ఆ గుర్రం లేదూ," అని మొదలుపెట్టాడు.

ఆమె చేయి నెమ్మది చేసింది.