రామ్మూర్తి చేనుకి మందు కొట్టిందెవరు?

నాలుగేళ్ళ కిందటి ఖరీఫ్. కోటబొమ్మాళి దగ్గర ఒక ఊళ్ళో నేను వ్యవసాయ సహాయకురాలిని. ఎవరేం చెప్పినా సగమే నమ్మడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ ఉద్యోగంలో అది బాగానే పనికొస్తుంది.

ఒకరోజు పొద్దున్నే రామ్మూర్తి అనే రైతు వచ్చాడు. తువ్వాల్లో ఎండిన వరి ఆకులు, జేబులో పోలీసులకి రాయించిన ఫిర్యాదు.

"మా బావ నా సేనుకి గడ్డిమందు కొట్టేసినాడు మేడమ్. గట్టు కాడ మాటా మాటా వచ్చినాది. మీరు ఒక్క ముక్క రాసిస్తే స్టేషన్‌కి ఎల్తాను."

బావంటే పక్క చేను సింహాచలం, రామ్మూర్తి అక్క మొగుడు. నేను సంతకం పెడితే ఆ అక్కకి పుట్టింటి గడప దూరమైపోతుంది. ముందు చేను చూద్దాం పదండన్నాను.

ఆకులు కొసల నుంచి అంచుల వెంబడి ఎండుతూ దిగుతున్నాయి. గడ్డిమందైతే గట్టు మీది గడ్డి కూడా మాడాలి. అది పచ్చగా నవనవలాడుతోంది. ఆకు ముక్క కోసి, గ్లాసు మంచినీళ్ళలో నిలబెట్టాను. దీన్ని మేం ఊజ్ టెస్ట్ అంటాం. కాసేపటికి కోసిన చోటి నుంచి పాలలాంటి ధార నీళ్ళలోకి దిగింది. అదంతా బ్యాక్టీరియా. జబ్బు పేరు బ్యాక్టీరియల్ లీఫ్ బ్లైట్, మన మాటల్లో ఎండాకు తెగులు.

"అయితే ఆ పురుగుల్నే వదిలుంటాడు," అన్నాడు రామ్మూర్తి.

నాకూ అనుమానం తీరలేదు. ఈ తెగులు నీటితో పాకుతుంది గనక సింహాచలం చేను చూశాను. నీరు రామ్మూర్తి చేలోంచే అతని చేలోకి పారుతోంది, అతని పైరు శుభ్రంగా ఉంది. విత్తనం మీదికి పోయింది అనుమానం. ఇద్దరిదీ ఒకటే రకం, ఒకటే బస్తా. ఇక మిగిలింది నారు.

"నాటే ముందు నారు కొసలు కోశారా?"

"కోసినాం. నారుమడి మూల కొన్ని ఎండిపోయుంటే ముందు అవి కోసేసి, అదే కొడవలితో కట్టలన్నీ తెగ్గోసినాం. మీరే కద మేడమ్ సెప్పినారు, కొసల్తో పురుగు గుడ్లు పోతాయని. బావే మీ మాట ఇన్లేదు."

కొసలు కోయమని చెప్పింది నేనే. నారులో తెగులుంటే కోయొద్దని, ఆ గాయాల్లోంచే బ్యాక్టీరియా లోపలికి పోతుందని చెప్పనిదీ నేనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"తప్పు మీ బావది కాదు, నాది," అన్నాను. యూరియా ఆపమని, చేను కొన్నాళ్ళు ఆరబెట్టమని, నీరు పక్క చేలోకి వదలొద్దని చెప్పాను.

రామ్మూర్తి గట్టు దిగి, బావ చేలోకి నీరు పోయే గండికి రెండు చేతులతో బురద అడ్డం వేయసాగాడు. అది చూసి సింహాచలం అటు నుంచి కేకేశాడు.

"ఒరే! నా సేనుకి నీరు ఆపేస్తన్నావేటిరా?"

"రోగం నా కాడే ఉండనీ బావా," అన్నాడు రామ్మూర్తి తలెత్తకుండా.

ఆ ఏడు అతనికి సగం పంట కూడా చేతికి రాలేదు. ఫిర్యాదు మాత్రం స్టేషన్‌కి పోలేదు. నేను ఇప్పటికీ అందర్నీ అనుమానిస్తూనే ఉంటాను. కాకపోతే చేలో అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న మారింది: "నేను మీకేం చెప్పాను?"