సొరంగం ముందు ఆగే రైలు

కువైట్‌లో హవల్లీ దాటాక వచ్చే పాత ఇళ్ళ వరసలో, ఒక రెండంతస్తుల ఇంట్లో నేను ఒక ముసలావిడకి నర్సుగా చేరాను. ఆవిడ జపాన్ మనిషి. ఎప్పుడో వయసులో ఉండగా, సరుకు కొనడానికి వాళ్ళ దేశం వెళ్ళిన ఒక కువైటీ వ్యాపారిని పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చేసింది. నేను చేరేనాటికే ఆ భర్త పోయి చాలా కాలమైంది. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాలో చిన్న తెల్లటి మొహం, నోరు విప్పితే అచ్చం ఇక్కడి ఆడవాళ్ళ అరబ్బీ. ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఆవిడ మామా, అంటే అమ్మ. నాకూ మామాయే.

ఆవిడకి మతి జారిపోతోంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. ఒక్కోసారి కొడుకుని చూసి భర్త అనుకునేది. ఆ కొడుకు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తాడు. భార్యతో విడిపోయి తల్లి దగ్గరే ఉంటున్నాడు. నెమ్మదస్తుడు. ఇక్కడి పద్ధతిలో పనివాళ్ళం ఆయన్ని బాబా అంటాం. నేను చేరిన రోజే టీవీ రిమోట్ నా చేతిలో పెట్టి, "మందులివ్వడం నీకు తెలుసు. ఇది కూడా నేర్చుకో, ఇదే అమ్మకి అసలు మందు," అన్నాడు.

టీవీలో ఒక రైలు. డ్రైవరు పక్కన కెమెరా పెట్టి, లైను ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎవరో తీసిన వీడియో. మామా పుట్టి పెరిగింది ఆ లైను మీదేనట. ఒకటే పెట్టె, డీజిల్ బండి. ఒక పక్క నది, రెండో పక్క కొండ, మధ్యలో ఒంటి పట్టా. స్టేషన్లంటే మనం అనుకునేలాంటివి కావు. ఒక చెక్క ఇల్లు, ఒక గడియారం, బెంచీ మీద ఎవరో ఇంట్లో కుట్టి తెచ్చి పెట్టిన పరుపు ముక్కలు. టికెట్ ఇచ్చే మనిషి కూడా ఉండడు. దిగేవాళ్ళు డ్రైవరు పక్కనున్న డబ్బాలో డబ్బులు వేసి, ఆయనకి తలవంచి దిగిపోతారు. చాలా స్టేషన్లలో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఉండరు. అయినా రైలు ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. డ్రైవరు తెల్ల గ్లౌజు వేసిన చేత్తో సిగ్నల్ వైపు వేలు చూపించి, ఏదో ఒక మాట పైకి గట్టిగా అని, అప్పుడు కదిలిస్తాడు.

నాది ద్రాక్షారామం దగ్గర పల్లె. మాకూ కాకినాడ నుంచి కోటిపల్లికి ఒంటిపెట్టె రైలుబస్సు ఉండేది. గేటు దగ్గర బండి ఆపి, అందులోవాళ్ళే దిగి గేటు వేసి, దాటాక మళ్ళీ దిగి తీసేవాళ్ళు. పొలాల్లోవాళ్ళు చెయ్యెత్తి నవ్వేవాళ్ళు. అందుకని ఆ జపాన్ రైలు చూస్తే మొదట్లో నాకు భలే హాయిగా ఉండేది. మామా పక్కన కూర్చుని, ఆవిడ చెప్పే స్టేషన్ పేర్లు నేనూ అనబోతే ఆవిడ నవ్వి నా పలుకు సరిచేసేది. కొడుకు పేరు మర్చిపోయిన మనిషి ఆ పేర్లలో ఒక్కటీ తప్పేది కాదు.

కానీ ఒకచోట నవ్వు ఆగిపోయేది. నది వంపు తిరిగే దగ్గర పొడుగాటి సొరంగం వస్తుంది. దాని నల్లటి నోరు దూరం నుంచి కనపడగానే మామా నా మణికట్టు పట్టుకునేది. ఎముకల్లాంటి వేళ్ళు, ఎంత బలమో! "ఆపు. ఆపు. అక్కడికి పోనివ్వకు." నేను ఆపేసేదాన్ని. ఆవిడ ఊపిరి కుదురుకునేదాకా తెరమీద ఆ సొరంగం నోరు తెరిచి అలాగే ఉండేది.

"అవతల ఏముంది బాబా?" అని కొడుకుని అడిగాను.

"ఒక స్టేషన్. మా తాత అక్కడ స్టేషన్ మాస్టర్‌గా చేశాడని తెలుసు. అంతకన్నా అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు నేను అడిగితే లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేది."

ఆ వేసవి చివర్లో పక్క ఇల్లు కూల్చేశారు. ఆ స్థలంలో ఫ్లాట్లు కడతారట. కింద కార్లకి సెల్లార్ కావాలని పొక్లెయిన్‌తో తవ్వుతూ పోయారు. మేడ మీద నుంచి చూస్తే మా పెరటి ప్రహరీ గోడని ఆనుకునే కిందికి నిలువుగా దిగిపోయిన గొయ్యి. అడుగున ఊరే నీళ్ళని తోడే మోటారు రాత్రింబవళ్ళు గుర్రుమంటూ ఉండేది. ఆ గోడకే ఆనించి మా కారు డ్రైవరు గది. అతనిది కడప వైపు. వయసులో నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు.

"అక్కా, పండుకుంటే మంచం కింద ఆ మోటారు కొట్టుకుంటాంది. గోడకు చీలిక గూడా పడింది, జూస్తివా?" అన్నాడు ఒకరోజు.

వెళ్ళి చూశాను. నా వేలు దూరేంత చీలిక. బాబాకి చెప్పాం. ఆయన పక్కవాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళొచ్చి సిమెంటు పూసి, ఏం ఫర్వాలేదని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఆ సిమెంటు మీదే మళ్ళీ చీలిక కనపడింది.

మామా అప్పటినుంచే మారిపోయింది. రైలు పెట్టమనడం తగ్గింది. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని పెరట్లోకి చూస్తూ కూర్చునేది. ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి, "మట్టి వాసన," అనేది. తవ్వుతుంటే మట్టి వాసన రాదా అనుకున్నాను. కానీ ఆవిడ ఆ మాట అనే తీరులో భయం ఉండేది. ఆస్పత్రుల్లో చాలామంది భయం చూశాను నేను. పిచ్చి భయం వేరు, ఎరిగున్న భయం వేరు. ఆవిడది ఏదో నాకు తేలేది కాదు.

ఒకరోజు పొద్దున జుట్టు దువ్వుతుంటే, ఎవరో అడిగినట్టు తనే మొదలుపెట్టింది. గొంతు తేటగా ఉంది.

"వాన పడుతూనే ఉంది. నది తగ్గింది. అందరూ సంతోషపడ్డారు, ఇంక గండం గడిచిందని. మా నాన్న ఒక్కడే లేచి టోపీ పెట్టుకున్నాడు."

"ఎందుకు మామా?"

"పై నుంచి వాన, కింద నీళ్ళు తగ్గడం. ఆ నీళ్ళు ఎక్కడికి పోయినట్టు?" అని అద్దంలో నన్ను చూసింది. "కొండ తాగుతోందన్నమాట."

"తర్వాత ఏమైంది?"

"ఖలాస్," అంది. నా చేతిలోంచి దువ్వెన తీసుకుని పక్కన పెట్టేసింది.

చలికాలం మొదట్లో వానొచ్చింది. కువైట్‌లో వాన ఎప్పుడో గానీ రాదు, వస్తే మాత్రం రోడ్లు మునిగిపోతాయి. ఆ రోజు పొద్దుటి నుంచే ఆకాశం ఇటుకరంగులో ఉండి, మధ్యాహ్నానికి నల్లబడింది. బాబా బ్యాంకులో ఉండిపోయాడు, తనకోసం కారు తీసుకుని రావద్దని ఫోన్ చేశాడు. డ్రైవరు అన్నం తిని తన గదిలో పడుకున్నాడు. పక్క గోతిలో పనివాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోయారు. కరెంటు పోయి మోటారు ఆగిపోయింది. అన్ని నెలలుగా చెవుల్లో ఉన్న ఆ గుర్రు లేకపోయేసరికి ఇల్లంతా ఏదోలా అనిపించింది.

పెరట్లో నీళ్ళు నిలబడ్డాయి. మెట్టు మునిగింది. గుమ్మం లోపలికి వస్తాయేమోనని పాత తువ్వాళ్ళు చుట్టి అడ్డం పెట్టాను. మామా కిటికీ దగ్గర కదలకుండా కూర్చుంది. కాసేపటికి వచ్చి చూస్తే మెట్టు బయటపడి ఉంది. వాన ఏమాత్రం తగ్గలేదు, నీళ్ళు మాత్రం తగ్గాయి. "హమ్మయ్య, తీసేశాయి," అని నేను పైకే అనుకున్నాను.

ఆ మాట అంటూండగానే నాకు ఆవిడ చెప్పిన నది గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాను. కుర్చీ ఖాళీగా ఉంది.

గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వెయ్యలేని మనిషి, పెరటి తలుపు తీసుకుని ఒట్టి కాళ్ళతో వానలోకి వెళ్ళిపోయింది. పెరటి మధ్యలో నిలబడి, కుడిచెయ్యి నిటారుగా చాపి, వేలు గోడవైపు చూపిస్తూ వాళ్ళ భాషలో అరుస్తోంది. ఆ గొంతు ఆవిడది కాదనిపించింది. నేను పరుగెత్తి నడుం పట్టుకున్నాను. లాగితే రాదు. అబాయా తడిసి ఇద్దరికీ చుట్టుకుపోయింది. నేలలో ఏదో సన్నగా జారుతున్న చప్పుడు, బియ్యం బస్తాకి చిల్లు పడితే వచ్చే చప్పుడు లాంటిది, నా పాదాలకి తెలిసింది.

"తమ్ముడూ! రా, మామాని పట్టుకో!" అని కేకేశాను.

డ్రైవరు తలుపు తీసుకుని లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. "ఏమైందక్కా? వానలోకి యాల తీస్కొస్తివి?" అంటూనే ఆవిడని చిన్నపిల్లలా ఎత్తుకున్నాడు. నేను ముందు, అతను వెనక. గుమ్మం ఎక్కి లోపలికి కాలు పెట్టాం.

పెద్ద శబ్దమేమీ రాలేదు. వెనక్కి చూస్తే గోడ మాకు దూరంగా, మెల్లగా, ఎవరో పిలిస్తే వెళ్ళినట్టు అవతలికి వాలింది. దాంతోపాటు డ్రైవరు గది. తర్వాత పక్కనే రేకుల నీడకింద పెట్టిన కారు ముందుకు ముక్కు వంచి దిగిపోయింది. మామా నిలబడిన చోటికి ఇవతలగా నేల తెగి ఆగింది. తెగిన అంచు మీదుగా పెరట్లో మిగిలిన నీళ్ళు లోపలికి కారుతున్నాయి. ఆ పచ్చి మట్టి వాసన ఇంట్లోకి కొట్టింది. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ ఇన్నాళ్ళూ దేన్ని వాసన పట్టిందో.

డ్రైవరు మామాని చేతుల్లోంచి దించడం మర్చిపోయాడు. అలాగే నిలబడి, "నా మంచం," అన్నాడు. మళ్ళీ "నా మంచం," అన్నాడు.

నేను ఇద్దరినీ వీధివైపు గదిలోకి, అక్కణ్ణుంచి ఎదురింటి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. వాళ్ళే ఫోన్లు చేశారు. సైరన్లు వేసుకుంటూ బళ్ళొచ్చాయి, దారంతా తాళ్ళు కట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఎదురింటావిడ ఇచ్చిన దుప్పటిలో చుట్టి నేను మామా జుట్టు తుడుస్తుంటే, ఆవిడ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసి, "ఇక్కడ టీ ఇవ్వరా?" అని అడిగింది. జరిగింది ఒక్క ముక్క గుర్తులేదు.

వారం తిరక్కుండా హవల్లీలో ఒక ఫ్లాట్‌కి మారిపోయాం. మామా అద్దం ముందు చెప్పిన నది, టోపీ మాటలు బాబాకి చెప్పాను. ఆయన జపాన్‌లో ఉన్న తల్లి వైపు ఒక పెద్దాయనకి ఫోన్ చేసి, చాలాసేపు మాట్లాడి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"తాత ఆ రోజు టోపీ పెట్టుకుని పట్టాల మీదికి పరుగెత్తాడట. సొరంగంలోంచి వస్తున్న రైలుని చెయ్యి చూపించి లోపలే ఆపేశాడు. అందులో ఉన్నవాళ్ళంతా బతికారు. కొండ స్టేషన్ వెనకనున్న ఇంటి మీద పడింది. ఇంట్లో మా అమ్మమ్మ, అమ్మ చెల్లెలు. అమ్మ నాన్న వెనకాలే పరుగెత్తింది కాబట్టి మిగిలింది."

తర్వాత ఆయనే టీవీ పెట్టాడు. మామా మా మధ్య కూర్చుని ఉంది. సొరంగం వచ్చింది. నేను చెయ్యి ముందుకు పెట్టాను, పట్టుకుంటుందని. ఆవిడ పట్టుకోలేదు. రైలు లోపలికి వెళ్ళింది, చీకటి, మళ్ళీ వెలుగు. అవతల ఒక సిమెంటు ప్లాట్‌ఫారం, రేకుల నీడ, కొండకి ఇనుప వల. ఎవరూ లేరు. రైలు డ్రైవరు వేలు చూపించి తన మాట తను అని బండి కదిలించాడు. మామా ఆవలించింది. ఏ స్టేషన్ పేరూ ఆవిడ నోట రాలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా.

ఆవిడకి నిజంగా గొయ్యి సంగతి తెలిసిందా, లేక వానలో నిలబడ్డప్పుడు వాళ్ళ నాన్నే కనపడ్డాడా? ఇక్కడ సెలవురోజైన శుక్రవారం చర్చిలో కళ్ళు మూసుకుంటే ఈ ప్రశ్నే వస్తుంది. పాస్టరుగారిని అడిగితే దేవుడు వాడుకున్నాడమ్మా అన్నారు. అయ్యుండొచ్చు. కానీ దేవుడు ఆవిడ దగ్గర మిగిలిన ఆ కాస్త జ్ఞాపకాన్నీ ఖర్చుపెట్టించేశాడేమో అని నాకు భయం. ఆ వానలో ఆవిడ నుంచి ఏదో వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు. భయం కూడా వెళ్ళిపోయింది. అది నా దగ్గరికొచ్చి చేరింది. ఎక్కడైనా నీళ్ళు నిలబడి ఇంకిపోతుంటే ఇప్పటికీ నేను చూడలేను.

డ్రైవరు ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, రద్దు చేయించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఫ్లాట్‌కి వచ్చి మామా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ అతన్ని గుర్తుపట్టలేదు గానీ, తడిసిన బుగ్గని అబాయా అంచుతో తుడిచింది.

అతను వెళ్ళాక బాబా వంటింటి గుమ్మంలో నిలబడి, "నువ్వు కూడా వెళ్ళిపోతావా?" అని అడిగాడు. వెళ్ళాలనే ఉంది నాకు. ఆ మాట చెబుదామనుకున్నాను. లోపల్నుంచి మామా పళ్ళెం మీద చెంచాతో కొట్టింది, ఆకలేసినప్పుడు అలా కొడుతుంది.

"సూప్ చల్లారిపోతోంది బాబా," అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాను.