నాన్న కొట్టి చూసిన సైకిలు

మా నాన్నది పరాయి రాష్ట్రంలో, నిమ్‌పురా రైల్వే యార్డులో గూడ్స్ బండ్ల చక్రాలను సుత్తితో కొట్టి చూసే ఉద్యోగం. ఖంగుమంటే చక్రం మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టు. ఆ వ్యాగన్‌ను విడదీసి పక్కన పెట్టేస్తారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. గోల్‌బజార్‌లో కుండ కొన్నా పుచ్చకాయ కొన్నా వేలి కణుపుతో కొట్టి చూడందే తీసుకునేవాడు కాదు. నాకు సంబంధం వస్తే పెళ్లికొడుకునీ ఒకసారి కొట్టి చూస్తాడని అమ్మ ఎగతాళి చేసేది. ట్రాఫిక్ అని పిలిచే మా రైల్వే కాలనీలో, మా వరస ఇళ్లలో ఎవరు పాత సైకిలు కొనాలన్నా నాన్నను వెంటబెట్టుకుని వెళ్లాల్సిందే.

పంతొమ్మిది వందల అరవైల్లో నాకు నిమ్‌పురాలో ఒక చిన్న బడిలో టీచరు పని దొరికింది. రోజూ నడిచి వెళ్లి వచ్చేసరికి కాళ్లు పీకేవి. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక తెలుగు క్రైస్తవుల ఆమె, బదిలీ మీద వెళ్లిపోతూ తన లేడీస్ సైకిలు అమ్ముతానంది. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చాక నాన్నా నేనూ వెళ్లాం.

ఆకుపచ్చ సైకిలు. ఆమె కొనకముందే ఎవరో రంగు వేయించారట. బ్రేకులు బాగానే పట్టాయి, గొలుసు కాస్త వదులు. నాకు చూడగానే తెగ నచ్చేసింది.

నాన్న జేబులోంచి చిన్న రెంచి తీసి ఫ్రేమును కొట్టుకుంటూ వచ్చాడు. వెనక గొట్టాలు ఖంగుమన్నాయి. హ్యాండిల్ దగ్గరికి వచ్చేసరికి కింది గొట్టం బీటలు వారిన కుండలా పలికింది. నాకు స్పష్టంగా వినిపించింది. నాన్న మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే చప్పుడు. తలెత్తి నా మొహంలోకి చూశాడు.

ఆయనకు వినబడలేదని అప్పుడు అర్థమైంది. కొన్నాళ్లుగా అమ్మ రెండుసార్లు పిలిస్తే గానీ పలకకపోవడం గుర్తొచ్చింది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. పరాయి మనిషి ముందు, అందులోనూ ఆసుపత్రి మనిషి ముందు, మా నాన్నకు చెవులు పోయాయని నేనెలా బయటపెట్టను? మొహంలో ఏమీ కనబడనివ్వకుండా నవ్వాను.

"గట్టిదేనమ్మా. తీసుకో," అన్నాడు.

కొన్నాను. దానికి అతుకు వేయించాలంటే గోల్‌బజార్‌లో నాన్న స్నేహితుడి కొట్టుకే వెళ్లాలి, వెళితే నాన్న మాట పోతుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూ నెల గడిపేశాను. తెలిసి తెలిసి దాన్నే తొక్కాను, అంత తెలివితక్కువదాన్ని. ఒక పొద్దున నిమ్‌పురా దారిలో పట్టాలు దాటేచోట ఫ్రేము రెండు ముక్కలైంది. నా ఎడమ మణికట్టు విరిగింది.

కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేసరికి నాన్న విరిగిన గొట్టం ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చున్నాడు. విరిగినచోట సగం ఇనుము తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం తుప్పు పట్టి నల్లగా ఉంది. అది పాత పగులేనని ఇన్నేళ్లు చక్రాలు చూసిన మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆ రోజు నీకు ఇనబడిందేటమ్మా?" అన్నాడు.

తలూపాను. ఆయన విరిగినచోట వేలితో తడిమాడు.

"ఏడాదిగా నాకు సరిగ్గా ఇనబడ్డం లేదు. యార్డులో నాతో పనిసేసే నా జోడీ మొహం సూసి చెప్తన్నాను. ఆడి మొహం మారితే బండి ఆపుతాను. ఆవేళ నీ మొహం సూసే బాగున్నాదన్నాను." గొట్టాన్ని పక్కన పెట్టాడు. "ఆడూ నా మీద జాలిపడి నీలాగే నవ్వుతన్నాడేమో. నాకెలాగ తెలుస్తాది?"

మర్నాడు ఎవరూ అడగకుండానే రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్లి చెవులు పరీక్ష చేయించుకున్నాడు. చక్రాల పని తీసేసి స్టోరు గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. సుత్తి అప్పగించి వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత కూడా కుండలు కొనడానికి నన్ను గోల్‌బజార్‌కు తీసుకెళ్లేవాడు. ఒకటి ఎంచి నా చేతికిచ్చేవాడు. నేను కొట్టి చూస్తున్నంతసేపూ నా మొహం కనబడకుండా అటు తిరిగి నిలబడేవాడు.