పచ్చి మాంసంలో రెండు బొగ్గు ముక్కలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను మా ఆఫీసులో అందరికంటే ఎక్కువగా ఆటపట్టించేది నేనే. ఇప్పటికీ నమ్మను. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్. నాలుగు తరాలుగా అక్కడే. మా అవ్వకు ఒక చాదస్తం ఉండేది. వండిందైనా పచ్చిదైనా, మాంసం గడప దాటాలంటే గిన్నెలో ఒక బొగ్గు ముక్క పడాల్సిందే. గాలీధూళీ అంటదట. నేను పగలబడి నవ్వేదాన్ని. అవ్వ పోయి పదేళ్లు దాటింది.

ఇది మూడేళ్ల క్రితం సంగతి. రెండుసార్లు కడుపు పోయాక పిల్లల కోసం మళ్లీ చికిత్సలో ఉన్నాను. పచ్చి గుడ్డు, ఉడకని మాంసం ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. ముట్టుకోలేదు. ఆ నెల రక్తపరీక్షలో గర్భం లేదనే వచ్చింది. "తొందరపడి చేయించావు, వారం ఆగి మళ్లీ చూద్దాం" అన్నారావిడ. నాకు ఒళ్లు మండింది. ఇంక చాలనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నా పక్క సీటు దివ్యను లాక్కుని కొరియా హోటల్‌కు వెళ్లాను. చికిత్సకు ముందు నెలకోసారైనా వెళ్లేదాన్ని. సన్నగా తరిగిన పచ్చి మాంసం, నువ్వుల నూనె, పియర్ పండు ముక్కలు, పైన పచ్చసొన. చల్లగా, కమ్మగా నోట్లో కరిగిపోతుంది. తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

దివ్యది గుంటూరు. "ఈ ఎండలకి ఇంట్లో పాలే విరిగిపోతన్నాయి. ఇదెప్పుడు కోశారో ఏంటో! నీకేమన్నా అయితే మీ ఆయనకి నేనేం చెప్పాలే?" అంది.

"పోవడానికి నా దగ్గర ఇంకేముందిలే" అన్నాను.

ప్లేటు వచ్చింది. సొన చిదిపి కలిపాను. గట్టిగా ఏదో తగిలింది. తీసి టిష్యూ మీద పెట్టాను. చింతగింజంత బొగ్గు. మళ్లీ కలిపితే ఇంకొకటి.

అవ్వ గుర్తొచ్చింది. భయం కోపంగా మారి మేనేజర్ మీద అరిచేశాను. పాపం, ఆయన నన్ను వంటగదిలోకి తీసుకెళ్లి అంతా చూపించాడు. అన్నీ కరెంటు పొయ్యిలే. బొగ్గన్నది ఆ హోటల్లోనే లేదు. వేరే ప్లేటు తెప్పిస్తానన్నాడు. వద్దన్నాను. ఆ టిష్యూ ఎందుకో మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను.

ఆ రోజు అదే మాంసం తిన్నవాళ్లకెవరికీ ఏమీ కాలేదని తర్వాత ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ఇది కూడా చెప్పాలి కదా.

నెలసరి రాకపోతే మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పన్నెండో రోజు స్కాన్‌లో తేలింది. నేను ఆ ప్లేటు ముందు కూర్చున్న రోజుకే కడుపులో బిడ్డ ఉంది. "పచ్చిదేమీ తినలేదుగా?" అని డాక్టరమ్మ అడిగారు. లేదని చెప్పగలిగాను.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. హోటల్ సంగతి ఎత్తకుండా, అవ్వ ఎప్పుడైనా కూరలో రెండు బొగ్గులు వేసేదా అని మాత్రం అడిగాను.

"ఏసేదే. కడుపుతో ఉండే ఆడమనిషి తినే కూరైతేనే రెండు. ఒకటి తల్లికి, ఒకటి బిడ్డకి. ఈ మాట నీకెవురు చెప్పినారు?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఆ టిష్యూ తీసి, రెండు బొగ్గుల్నీ అరచేతిలో పెట్టుకున్నాను.

పాప పాలు మానేశాక మళ్లీ అదే హోటల్‌కు వెళ్లి అదే తెప్పించుకున్నాను. ప్లేటు అడుగుదాకా వెతికాను. ఏమీ లేదు. అది ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. అంతా తినేశాను, ఏడుస్తూనే.