మామకు గొట్టం మందు

ఇంగ్లీషులో ఒక్క చిన్న మాటను తప్పుచోట పెట్టి, సొంత మేనమామను పశువుల డాక్టరుకు అప్పగించిన ఘనుణ్ణి నేను. నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం ఊరొదిలి పారిపోదామనుకున్నాను.

యాభైల నాటి మాట. సంగారెడ్డిలో మెట్రిక్ గట్టెక్కి మా కర్దనూరు వచ్చాను. ఊళ్లో ఇంగ్లీషు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. కొత్త ఇంగ్లీషోడు పొద్దెరగడని సామెత లేదు గానీ, నన్ను చూసి పుట్టించాల్సింది.

మల్లారెడ్డి మామ తన కూతురు లక్ష్మిని నాకివ్వాలా వద్దా అని తేల్చుకోలేకుండా ఉన్నాడు. రేపో మాపో తొలకరి అనగా ఆయన ఎద్దు మేత మానేసి, దగ్గరికొచ్చినవాళ్లను తన్నడం మొదలుపెట్టింది. సంగారెడ్డి పశువుల డాక్టరుకు ఉత్తరం రాయమన్నాడు.

తెలుగులో అయితే మూడు ముక్కల్లో తేలేది. కానీ బడిలో నేర్చిన ‘హూ’ అనే మాట కోసం నా చెయ్యి దురద పెడుతోంది. పేరు కనిపిస్తే చాలు, వెనకాల ‘హూ’ తగిలించి వర్ణన లాగించేవాణ్ణి. “ది ఆక్స్ ఆఫ్ మై అంకుల్, హూ ఈట్స్ నో గ్రాస్, హూ కిక్స్ ఆల్ పీపుల్, హూ మస్ట్ బీ టైడ్” అని రాసి టపాలో వేశాను.

ఇక నాకు కాలు నిలవలేదు. బాట దాకా పోవడం, రావడం. మబ్బు పట్టినప్పుడల్లా, ఎద్దు కోలుకోకముందే దున్నే అదను వచ్చేస్తుందేమోనని మళ్లీ బాట దాకా. “ఉత్తరం మంచిగనే రాసినవా?” అని మామ పూటకోసారి అడిగేవాడు.

నాలుగో రోజు డాక్టరే వచ్చాడు. ఒక చేతిలో మందు పోసే వెదురుగొట్టం, మరో చేతిలో నా ఉత్తరం. వాకిట్లో అందరి ముందూ తెలుగు చేసి చదివాడు.

“మా మామ గడ్డి తింటలేడు. అందర్నీ తంతున్నడు. కట్టెయ్యాలె.”

‘హూ’ మనుషులకే వాడాలట. పైగా పక్కన ఎవరుంటే వాళ్లనే పట్టుకుంటుందట. నా ఉత్తరంలో దాని పక్కనున్నది మామ.

తలుపు చాటున లక్ష్మి నవ్వాపుకోలేక దగ్గింది. డాక్టరు గొట్టం నింపి, ముఖం ఏమాత్రం మారకుండా అడిగాడు. “ఇగ ఎవరికి పొయ్యాలె?”

మామ నన్ను ఎగాదిగా చూశాడు. “ఎద్దుకు పొయ్యండి సార్. జెర మిగిలితే మా అల్లునికి పొయ్యండి.”

మేనల్లుడనే అన్నాడో, అంతకు మించే అన్నాడో తెలియదు. ఆ మాటకు నేను మందు తాగడానికి కూడా సిద్ధపడ్డాను.

తొలకరికి ఎద్దు కోలుకుంది. ఆ ఏడే మా పెళ్లయింది. ఏడడుగులయ్యాక ఎనిమిదో అడుగు నేనొక్కణ్ణే వేసి ప్రమాణం చేశాను: ఇంగ్లీషులో పశువుల గురించి రాసేటప్పుడు దరిదాపుల్లో చుట్టాలెవరినీ నిలబెట్టను.